ఏ పిట్టో తేలనప్పుడు: కష్టమైన గుర్తింపుపై నలుగురిలో వాదించే పద్ధతి

అక్టోబరు వచ్చిందంటే మన మెట్టపొలాల మీద, గడ్డిబీళ్ల మీద హారియర్లు అనే వలస డేగలు తిరగడం మొదలవుతుంది. మగ పక్షులతో పెద్ద పేచీ లేదు. ఆడవి, ఆ ఏడు పుట్టిన పిల్లలు కనబడినప్పుడే తంటా. పాలిడ్ హారియరా, మాంటేగ్యూస్ హారియరా అని ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లు కూడా చెరో పక్కా చేరతారు. కాకినాడ తీరంలో శాండ్ ప్లోవర్లతో ఇదే గొడవ, కోసిన వరిమళ్లలో స్నైప్‌లతో ఇదే గొడవ, చెట్ల కొమ్మల్లో దూరి కనబడకుండా అరిచే లీఫ్ వార్బ్లర్లతో మరీను.

ఈ వాదనలు జరగాల్సినవే. కాకపోతే చాలాసార్లు ఈకల మీద మొదలై మనుషుల మీద ముగుస్తాయి. చివరిదాకా ఈకల మీదే ఉండాలంటే పిట్టను చూసిన క్షణం నుంచి రికార్డు భద్రపరిచే దాకా ఏమేం చేయాలో వరసగా చెబుతాను. ఒకటి రెండు సీజన్లు తిరిగి, ఒక ఫీల్డ్ గైడు, బైనాక్యులర్, వీలైతే కెమెరా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

1. పేరు పెట్టకముందే రాసుకోండి

పిట్ట కనబడగానే పుస్తకం తెరవకండి. బొమ్మ ఒకసారి కళ్లబడితే, చూసిన పిట్ట కాస్తా ఆ బొమ్మలా మారిపోతుంది. కాళ్లు పసుపు రంగని పుస్తకంలో ఉంటే, కాళ్లు సరిగా చూడనివాళ్లకు కూడా పసుపు కాళ్లే గుర్తొస్తాయి. పిట్ట ఎదురుగా ఉన్నంతసేపూ చూడండి, అది ఎగిరిపోగానే చూసింది రాయండి. చేతులు ఖాళీ లేకపోతే ఫోన్‌లో మాట రికార్డు చేసుకోండి.

రాసుకున్నది ఇలా ఉంటే చాలు:

"ఉదయం 7:40. సూర్యుడు నా వెనక. దూరం సుమారు 80 మీటర్లు. కందిచేను మీద తక్కువ ఎత్తులో. పక్కనే కాకి ఎగిరింది, దానికంటే సన్నం, రెక్కలు పొడుగు. తోక మొదట్లో పైన తెల్ల పట్టీ. పొట్ట ఇటుక రంగు, గీతలు లేవు. మెడ చుట్టూ లేతరంగు పట్టీ ఉన్నట్టుంది, ఖాయంగా చెప్పలేను. కళ్ల రంగు చూడలేదు. రెక్క పైభాగం చూడలేదు."

ఇందులో అన్నిటికంటే విలువైనవి ఆఖరి రెండు వాక్యాలు. ఏం చూడలేదో అక్కడికక్కడే రాసుకోకపోతే, మర్నాడు ఎవరో "కళ్లు పసుపా, ముదురా?" అని అడిగినప్పుడు మనకు తెలియకుండానే జవాబు అల్లేస్తాం. "ఖాయంగా చెప్పలేను" అన్న మాట కూడా ఉంచండి. దాన్ని కొట్టేస్తే వాదన తప్పుదారి పట్టేది అక్కడే.

సైజు చెప్పేటప్పుడు సెంటీమీటర్లు అక్కర్లేదు. ఒంటరిగా ఉన్న పిట్ట సైజు కంటితో ఎవరూ సరిగా చెప్పలేరు. అదే ఫ్రేములో మైనానో కాకో ఉంటే అప్పుడు సైజు మాటకు బలం వస్తుంది.

2. వాదనకు పనికొచ్చే ఫొటోలు

అందమైన ఫొటో వేరు, గుర్తింపుకు పనికొచ్చే ఫొటో వేరు. కంట్లో మెరుపుతో, వెనక అంతా మసకగా ఉన్న ఒక్క ఫొటో కంటే, వేర్వేరు కోణాల్లో తీసిన ఆరు నాసిరకం ఫొటోలు ఎక్కువ చెబుతాయి. ఏ పిట్టకు ఏ భాగం కీలకమో ముందే తెలిసుంటే దానికోసమే కాచుకోవచ్చు. హారియర్‌కు రెక్క కింది భాగం, తల పక్కభాగం కావాలి. శాండ్ ప్లోవర్‌కు ముక్కు కచ్చితంగా పక్కనుంచి కనబడాలి, తల ఏ కొంచెం మనవైపు తిరిగినా ముక్కు పొట్టిగా కనబడి లెక్క తప్పుతుంది. స్నైప్‌కు తోక విప్పిన క్షణం కావాలి. అది ఒళ్లు విరుచుకునేటప్పుడో, ఈకలు సవరించుకునేటప్పుడో, వాలేటప్పుడో దొరుకుతుంది. దొరక్కపోయినా ఆశ్చర్యం లేదు.

మసకగా వచ్చినవి అక్కడే డిలీట్ చేయొద్దు. కెమెరా తేదీ, టైమ్ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

నలుగురి ముందు పెట్టేటప్పుడు కత్తిరించిన ఫొటోతోపాటు కత్తిరించని అసలు ఫొటో కూడా పెట్టండి. ఎండ ఎటునుంచి పడుతోందో, పక్కన ఏ పిట్టలున్నాయో అందులోనే తెలుస్తుంది. పొద్దుటి ఎండలో బూడిదరంగు కూడా గోధుమరంగులా మెరుస్తుంది. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే లేత పట్టీలు తెల్లగా వెలిగిపోతాయి. బురదలో తిరిగే పిట్టల కాళ్లకు బురద రంగే ఉంటుంది. నీడలో తీసిన ఫొటోను వెలుగు పెంచి చూపించాల్సి వస్తే, పెంచానని చెప్పి, పెంచనిది కూడా పక్కన పెట్టండి.

ఇప్పుడు కొత్తగా వచ్చిన బెడద ఏఐతో ఫొటోను పదును చేసే సాఫ్ట్‌వేర్లు. మసకగా ఉన్నచోట అవి ఈకల గీతలను ఊహించి గీసేస్తాయి. ఆ గీతలు చూడముచ్చటగా ఉంటాయి, పిట్ట ఒంటి మీద మాత్రం ఉండవు. రెక్క చారల మీద వాదన నడిచేచోట అలాంటి ఫొటో పెట్టడం అంటే సాక్ష్యాన్ని తారుమారు చేయడమే. గుర్తింపు కోసం పెట్టే ఫొటోకు వాటిని అస్సలు వాడకండి.

3. ప్రశ్న అడిగే తీరు

ఒక ఫొటో, కింద "ఐడీ ప్లీజ్". దీనికి ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. వాదనకు పనికొచ్చే ప్రశ్న మాత్రం అలా ఉండదు. తేదీ, సమయం, ఏ జిల్లా, ఏ రకం చోటు (మెట్టచేను, చెరువు గట్టు, మడ అడవి), మీరు రాసుకున్న వర్ణన యథాతథంగా, ఫొటోలకు నంబర్లు. ఫొటోలకు నంబర్లు వేయడం చిన్న పనే, కానీ "ఆ కుడిపక్క ఫొటోలో", "ఏ కుడి?" లాంటి అయోమయం దానితో పోతుంది.

మీ అభిప్రాయం ముందే చెప్పాలా? దీనిమీద నా మాట ఇది: ఒక్క పేరు చెప్పొద్దు, రెండు పేర్లు చెప్పండి. "ఇది పాలిడ్ అనుకుంటున్నాను" అంటే చూసేవాళ్ల కళ్లు పాలిడ్ లక్షణాలకోసమే వెతుకుతాయి. అదే "పాలిడ్, మాంటేగ్యూస్ రెండిట్లో ఏదో తేల్చుకోలేకపోతున్నాను, మెడ పట్టీ ఒకవైపు లాగుతోంది, రెక్క చివరలు అర్థం కావట్లేదు" అంటే జనం నేరుగా పనిలోకి దిగుతారు.

గూడు ఉన్నచోటు, అరుదైన పిట్ట ఉన్నచోటు నలుగురికీ చెప్పొద్దు. కడప వైపు కలివికోడి లాంటి పక్షి విషయంలో ఇది మరీ ముఖ్యం. గుర్తింపుకు జిల్లా పేరు, ఆవాసం చాలు.

4. ఒక వాదనను దగ్గరగా చూద్దాం

నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానాలు బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమయ్యాయి. చలికాలంలో హారియర్లు రాత్రిళ్లు గుంపుగా నేలమీద గడ్డిలో పడుకునే చోటుగా కూడా వాటికి పేరుంది. అలాంటి చోట తీసిన ఒక హారియర్ ఫొటోల మీద మాటలు ఇలా నడిచాయనుకుందాం. ప్రశ్న వేసింది కాలేజీలో చదివే అమ్మాయి, జవాబిస్తున్నవాళ్లలో ఒకరు రిటైరైన పెద్దాయన, ఇంకొకరు ఆమెకంటే కాస్త పెద్ద కుర్రాడు.

"సార్, మెడ చుట్టూ లేత పట్టీ ఉంది కదా. పాలిడ్ అనుకోవచ్చా?"

"ముందు వయసు తేల్చుకుందాం అమ్మా. పొట్ట మీద గీతలున్నాయా?"

"లేవు సార్, సాదా ఇటుక రంగు. 1, 4 ఫొటోల్లో బాగా తెలుస్తోంది."

"అయితే ఆ ఏడు పుట్టిన పిల్ల. పెద్ద ఆడపక్షి లక్షణాలు దీనికి వర్తింపజేయొద్దు. ఇక పట్టీ. పట్టీ ఒక్కటే చాలదు. దాని వెనక మెడ పక్కన ముదురు గోధుమరంగు ఉండాలి. 2లో నాకు ఆ ముదురు కనబడట్లేదు, నేనైతే మాంటేగ్యూస్ వైపే మొగ్గుతాను."

"అన్నా, మీరేమంటారు?"

"3లో తల పక్కకి తిరిగి ఉంది, అందులో ముదురు రంగు ఉంది. కాకపోతే అది నీడేమో అని నాకు అనుమానం. 5 చూడండి సార్, రెక్క కింద. చివరి ఈకలు మొత్తం నల్లగా లేవు, చారలున్నాయి. వాటి మొదట్లో లేతగా వంపు తిరిగిన మచ్చ ఉంది."

"5 నేను చూడనే లేదు బాబూ. అవును, మాంటేగ్యూస్ పిల్లకయితే రెక్క చివరి ఆ వేళ్లలాంటి ఈకలు బాగా ముదురుగా ఉంటాయి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాలిడ్."

ఇక్కడ జరిగినవి గమనించండి. మొదట వయసు తేల్చారు, ఎందుకంటే ఈ రెండు జాతుల్లో పిల్లకు ఒక లెక్క, పెద్ద ఆడపక్షికి ఇంకో లెక్క. పెద్ద ఆడపక్షులైతే రెక్క కింద సెకండరీ ఈకల (రెక్క వెనక అంచున ఒంటివైపు ఉండేవి) మీదకు వెళ్లాలి. మాంటేగ్యూస్‌లో అక్కడి లేత చారలు స్పష్టంగా ఉండి ఒంటిదాకా వస్తాయి, చంక ఈకల మీద ఇటుక రంగు పట్టీలు కనబడతాయి. పాలిడ్‌లో సెకండరీలు ముదురుగా ఉండి, లేత చారలు ఒంటి వైపు వచ్చేకొద్దీ సన్నబడి కలిసిపోతాయి. వయసు తేల్చకుండా ఇద్దరు రెండు రకాల పక్షుల గురించి వాదించుకుంటూ గంట గడపడం చాలాచోట్ల చూస్తాం.

రెండోది, ప్రతి మాటకూ ఒక ఫొటో నంబరు ఉంది. "నాకు పాలిడ్ లాగే ఉంది" అన్నవాళ్లు లేరు. కుర్రాడు తన వాదానికి పనికొచ్చే 3వ ఫొటోను తనే అనుమానించాడు, అందుకే 5వ ఫొటో గురించి చెప్పినప్పుడు పెద్దాయనకు నమ్మబుద్ధయింది. మన పక్షాన్ని బలపరిచే సాక్ష్యంలోని లోపం మనమే చెప్పేస్తే అవతలివాళ్లు సగం దూరం నడిచి వస్తారు.

మూడోది, పెద్దాయన మాట మార్చుకున్నారు, ఎందుకు మార్చుకున్నారో చెప్పారు. "సరే మీ ఇష్టం" అని తప్పుకోలేదు. కారణం చెప్పకుండా ఒప్పుకుంటే తర్వాత ఈ ఫొటోలు చూసి నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఏమీ మిగలదు.

5. వాదనలో తరచూ వచ్చే నాలుగు మాటలు, వాటి బరువు

"జిజ్ చూస్తేనే తెలిసిపోతోంది." జిజ్ అంటే పిట్ట మొత్తం వాలకం, కదలిక, నిలబడే తీరు. ఏళ్లుగా చూసినవాళ్ల ఈ మాటను తోసెయ్యకూడదు, చాలాసార్లు అదే దారి చూపిస్తుంది. కానీ ఒక్క ఫొటోలో జిజ్ ఉండదు. నడుస్తున్న పిట్టను క్షణంలో వెయ్యో వంతు ఆపి తీసిన చిత్రం అది. అలా అన్నవాళ్లను మర్యాదగా అడగండి: "ఏ భాగం చూసి మీకు అలా అనిపించింది అండీ?" నిజంగా తెలిసినవాళ్లు కాసేపు ఆలోచించి చెబుతారు. ఆ జవాబే ఈ చర్చలో మీకు దక్కే అసలు లాభం.

"ఇక్కడ అది రాదు." ఎక్కువసార్లు నిజమే. సాధారణంగా కనబడేదే ముందు అనుకోవడం మంచి అలవాటు. అయితే ఇందులో ఒక వలయం ఉంది. తీరంలో కనబడిన ప్రతి శాండ్ ప్లోవర్‌నీ "ఇక్కడ చిన్నదే (లెస్సర్) ఎక్కువ" అని చిన్నదాని కిందే రాసేస్తూ పోతే, గ్రేటర్ శాండ్ ప్లోవర్ ఎన్ని వచ్చినా లెక్కకెక్కదు. ఏడాది తర్వాత అదే లెక్క చూపించి "ఇక్కడ గ్రేటర్ రాదు" అంటాం. వచ్చే కాలం, చోటు అన్నవి ఎంత గట్టి సాక్ష్యం కావాలో చెబుతాయి, సాక్ష్యం మాత్రం పిట్ట ఒంటి మీదే ఉండాలి.

"ఈ ఒక్క లక్షణం చాలు." చాలదు. ఈకలు మార్చుకునే కాలంలో రెక్క ఆకారం మారుతుంది, ఎండకు పాతబడిన ఈకల రంగు వెలిసిపోతుంది, కొన్నిటికి పుట్టుకతోనే అక్కడక్కడ తెల్ల ఈకలుంటాయి. ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూడు లక్షణాలు ఒకేవైపు చూపించాలి. ముక్కు పొడవు, కాళ్ల పొడవు, ఎగిరేటప్పుడు తోక దాటి వేళ్లు కనబడడం వేర్వేరు సంగతులు. "ముక్కు లావుగా ఉంది", "ముక్కు బలంగా ఉంది", "ముక్కు పెద్దది" మాత్రం ఒకే సంగతి మూడుసార్లు.

"మెర్లిన్ చెప్పింది." మెర్లిన్ అంటే అమెరికాలోని కార్నెల్ పక్షి ప్రయోగశాల వాళ్ల ఫోన్ యాప్. అందులో 2021లో తెచ్చిన శబ్ద గుర్తింపుతో ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాడూ కూతలు వింటున్నాడు, ఇది మంచి మార్పే. కానీ తెరమీద కనబడిన పేరు వెతకమని ఇచ్చే సూచన మాత్రమే. కూత మీద వాదించాలంటే రికార్డింగ్ కావాలి. ఫోన్‌ను పిట్ట వైపు పెట్టి, మాట్లాడకుండా నిమిషం పాటు తీయండి, తర్వాత దాని స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని గీతల్లో చూపించే చిత్రం) తీసి పక్కన పెట్టండి. గ్రీనిష్ వార్బ్లర్ పిలుపు సాధారణంగా రెండు ముక్కలుగా "టిస్-లీ" అని వినబడుతుంది, గ్రీన్ వార్బ్లర్‌ది మూడు ముక్కలుగా "చి-రు-వీ". చెవులకు రెండా మూడా అని తగువు వచ్చినప్పుడు స్పెక్ట్రోగ్రామ్‌లో లెక్కపెట్టొచ్చు. అనుమానం తీర్చుకోవడానికి స్పీకర్లో కూత వినిపించి పిట్టను రెచ్చగొట్టడం మాత్రం వద్దు, గూడు కట్టే కాలంలో అసలే వద్దు.

6. పెద్దవాళ్ల మాటను ఎంతవరకు మోయాలి

మన దగ్గర ఇది నాజూకు విషయం. సార్ ఒక పేరు చెప్పాక, కుర్రవాళ్లు లోపల అనుమానం ఉన్నా "అవును సార్" అనేస్తారు. గౌరవం ఉండాల్సిందే. కానీ పక్షిశాస్త్రంలో గౌరవం వల్ల జరిగిన నష్టానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది.

ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ నమూనాలు 1884 తర్వాత దొరకలేదు. రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి, పక్షి నిపుణుడిగా పెద్ద పేరున్నవాడు, 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర ఒకదాన్ని సేకరించానని లేబుల్ రాశాడు. సలీం అలీ, డిల్లాన్ రిప్లీ లాంటివాళ్లు వెతికినా పక్షి దొరకలేదు. 1990ల్లో పమేలా రాస్ముసెన్ అనే అమెరికన్ పక్షిశాస్త్రవేత్త మ్యూజియం నమూనాలను పట్టి పట్టి పరిశీలించి, ఆ 1914 పక్షి అసలు జేమ్స్ డేవిడ్సన్ 1880ల్లో సేకరించినదని, దొంగిలించి కొత్త లేబుల్ తగిలించారని తేల్చింది. తప్పుడు లేబుల్‌ను పక్కనపెట్టి నిజమైన పాత చోట్ల వెతికితే, 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆమెకు, బెన్ కింగ్, డేవిడ్ అబాట్‌లకు ఆ గుడ్లగూబ కనబడింది. పేరుప్రతిష్ఠలు చూసి లేబుల్‌ను ప్రశ్నించకుండా ఉన్నన్నాళ్లూ వెతుకులాట వేరేచోటికి పోయింది.

మన చుట్టూ ఉన్న పెద్దవాళ్లెవరూ మైనర్ట్‌జాగెన్‌లు కారు. అయినా పద్ధతి మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. కుర్రవాళ్లను ఏ ఫొటో, ఏ ఈక అని అడిగినట్టే పెద్దవాళ్లనూ అడగాలి. అడిగే తీరులో తేడా ఉండొచ్చు. "సార్, 2వ ఫొటోలో ముక్కు పొడవు నాకు తక్కువగా అనిపిస్తోంది, మీకెలా కనబడుతోందో చెప్తారా?" అంటే ఎవరికీ నొచ్చుకోవాల్సిన పని లేదు. మాట్లాడే చోట నిర్వాహకుడు ఉంటే, అనుభవం ఎక్కువున్నవాళ్లను కాసేపు ఆగమని, కొత్తవాళ్లతో ముందు చెప్పించడం మంచి ఏర్పాటు.

7. తేలకపోతే తేలలేదని రాయండి

చాలామందికి మింగుడుపడని మెట్టు ఇది. జాతి పేరు లేకుండా చర్చ ముగిస్తే ఓడిపోయినట్టు అనిపిస్తుంది.

స్నైప్‌ల సంగతే చూడండి. వరిమడి గట్టున నడుస్తుంటే కాళ్ల ముందు నుంచి లేచిపోతుంది. రెక్క వెనక అంచున తెల్లటి గీత స్పష్టంగా ఉంటే కామన్ స్నైప్, అక్కడికి చర్చ ముగిసింది. తెల్ల గీత లేకుండా, రెక్క కింద అంతా ముదురు చారలతో ఉంటే పిన్‌టెయిల్ స్నైప్ అని రాసేయడం అలవాటు. కానీ స్విన్‌హోస్ స్నైప్ కూడా దాదాపు అలాగే ఉంటుంది. రెండిటికీ తేడా తోక చివరి ఈకల్లో ఉంది. పిన్‌టెయిల్‌కు తోకలో సాధారణంగా 24 నుంచి 28 ఈకలు, అంచున ఉన్నవి గుండుసూదుల్లా సన్నం. స్విన్‌హోస్‌కు ఎక్కువగా 20, 22 ఈకలు, అంచువి అంత సన్నం కావు. విప్పిన తోక ఫొటో లేకపోతే వాదించడానికి సరుకే లేదు. పిట్టల రికార్డులు అందరూ నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఈ రెండూ కలిపి గీత పెట్టిన ఎంపిక ఉంది, పాలిడ్, మాంటేగ్యూస్ హారియర్లకూ ఉంది. నిస్సంకోచంగా వాడండి. ఊహించి రాసిన జాతి పేరుకంటే ఆ గీత పెట్టిన పేరే తర్వాత లెక్కలు తీసేవాళ్లకు పనికొస్తుంది.

సాక్ష్యం చాలనప్పుడు ఎంత పెద్దవాళ్లు వాదించినా తేలదనడానికి అమెరికాలోని ఐవరీ-బిల్డ్ వడ్రంగిపిట్ట గొడవ ఉంది. 2004 ఏప్రిల్‌లో అర్కాన్సా చిత్తడి అడవిలో డేవిడ్ లూనో కెమెరాలో కొన్ని సెకన్ల మసక వీడియో పడింది. అంతరించిపోయిందనుకున్న పక్షి బతికే ఉందని కార్నెల్ బృందం 2005లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. మరుసటి ఏడాది అదే పత్రికలో డేవిడ్ సిబ్లీ, మరికొందరు అవే ఫ్రేములు చూపించి, అది మామూలుగా కనబడే పైలియేటెడ్ వడ్రంగిపిట్టేనన్నారు. తగువంతా రెక్కలోని తెలుపు మీద. కనబడుతున్నది పైభాగంలో వెనక అంచున ఉన్న తెలుపా, లేక కిందిభాగపు తెలుపు తిరిగి కనబడుతోందా? కార్నెల్ వాళ్లు జవాబిచ్చారు, అవతలివాళ్లు మెత్తబడలేదు. ఆ పక్షి అంతరించిందని ప్రకటించాలని అమెరికా ప్రభుత్వం 2021లో ప్రతిపాదించింది. 2023లో తుది జాబితా ఇచ్చేటప్పుడు దాన్ని మాత్రం చేర్చలేదు. ఇంత జరిగినా ఆ వాదన చదవదగ్గదిగా ఉండడానికి కారణం, వీడియో అందరి ముందూ ఉండడం, ఇరువర్గాలూ ఫలానా ఫ్రేము అని వేలుపెట్టి చూపించడం.

మీ చర్చ ఎప్పుడు ఆపాలంటే, కొత్త లక్షణం గానీ కొత్త ఫొటో గానీ రావడం ఆగిపోయి, చెప్పిందే గట్టిగా చెప్పడం మొదలైనప్పుడు. అప్పుడు ప్రశ్న వేసినవాళ్లే నాలుగు వాక్యాల్లో ముగించాలి: ఏం ఒప్పుకున్నాం, ఎక్కడ తేడా ఉంది, ఏ ఫొటో దొరికితే తేలుతుంది, అప్పటిదాకా ఏమని రాస్తున్నాను.

8. రికార్డు పెట్టడం, రివ్యూ వచ్చినప్పుడు

ఈబర్డ్‌లో ఆ చోటికి, ఆ కాలానికి అరుదైన పేరు రాస్తే వెంటనే వివరం అడుగుతుంది. అక్కడ "ఖచ్చితంగా చూశాను" అని రాసేవాళ్లు బోలెడు. రివ్యూ చేసేవాళ్లకు దానితో ఉపయోగం లేదు. మీరు పొలంలో రాసుకున్న వర్ణన పెట్టండి, ఇంకో జాతి ఎందుకు కాదనుకున్నారో ఒక వాక్యం కలపండి. రివ్యూ చేసేవాళ్లు జీతం తీసుకునే అధికారులు కారు, మనలాగే పిట్టలు చూస్తూ ఖాళీ సమయంలో ఈ పని చేస్తున్నారు. వాళ్ల నుంచి మెయిల్ వస్తే అవమానంగా తీసుకోవద్దు. రికార్డు నిర్ధారణ కాకపోయినా అది మీ సొంత జాబితాలో ఉంటుంది, అందరికీ కనిపించే లెక్కల్లోకి మాత్రం వెళ్లదు. కొత్త సాక్ష్యం దొరికితే మళ్లీ చూడమని అడగొచ్చు.

తేలని పిట్టల ఫొటోలు, నోట్సు పారేయకండి. 1867లో ఏ.ఓ. హ్యూమ్ అనే బ్రిటిష్ అధికారి సట్లెజ్ లోయలో ఒక రీడ్ వార్బ్లర్‌ను సేకరించాడు. ముక్కు పొడవు, రెక్క పొట్టి. అది వేరే జాతా, తెలిసిన ఏదో జాతికి చెందిన విచిత్రమైన పక్షా అని శతాబ్దానికిపైగా నిపుణులు తేల్చుకోలేకపోయారు. ఆ ఒక్క నమూనా భద్రంగా ఉండబట్టే 2002లో డీఎన్ఏ పరీక్షతో వేరే జాతేనని తేలింది. 2006 మార్చిలో థాయిలాండ్‌లో ఫిలిప్ రౌండ్ వలలో అచ్చం అలాంటి పక్షి పడినప్పుడు, ముక్కు, రెక్క కొలతలు చూసి అనుమానించి ఈకలను పరీక్షకు పంపాడు. లార్జ్-బిల్డ్ రీడ్ వార్బ్లర్ 139 ఏళ్ల తర్వాత బతికి దొరికింది. ఆ తర్వాత మ్యూజియం సొరుగులు వెతికితే వేరే పేర్ల కింద పడున్న పాత నమూనాలు బయటపడ్డాయి.

మన తీరంలోని శాండ్ ప్లోవర్ల ఫొటోలకూ ఇలాంటి పని పడింది. లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఒకటే అనుకున్నదాన్ని ఈబర్డ్ 2023లో సైబీరియన్, టిబెటన్ అని రెండుగా విడదీసింది. టిబెటన్‌కు ముక్కు కాస్త పొడుగు కావడంతో గ్రేటర్‌తో తికమక ఎక్కువ. పక్కనుంచి తీసిన ఫొటోలో ముక్కు పొడవును, ముక్కు మొదలు నుంచి కంటి వెనక అంచు దాకా ఉన్న దూరంతో పోల్చి చూడండి. ముక్కు స్పష్టంగా ఎక్కువైతే గ్రేటర్ వైపు, సమానంగానో తక్కువగానో ఉంటే చిన్నవాటి వైపు. ఆపైన కాళ్లు చూడండి, గ్రేటర్‌కు పొడుగ్గా, లేత ఆకుపచ్చ-పసుపు ఛాయలో ఉంటాయి, బురద లేకపోతే. చలికాలపు ఫొటోతో సైబీరియనా టిబెటనా అని కొట్టుకోవడం కంటే, మార్చి ఆఖరులో, ఏప్రిల్‌లో అదే ఒడ్డుకు మళ్లీ వెళ్లండి. అప్పటికి వెళ్లిపోకుండా మిగిలినవి పెళ్లి రంగుల్లోకి వచ్చి ఉంటాయి: టిబెటన్ మగదానికి నుదురు నల్లగా, సైబీరియన్‌కు తెల్లగా. ఆ ఫొటోలను డిసెంబరు ఫొటోల పక్కన పెట్టి, పాత చర్చలో ఉన్నవాళ్లనే మళ్లీ పిలవండి.